ఒక్క ప్రకటన, వెయ్యి నైరాల లీటరు

చమురు నేలల చరిత్ర – పదిహేడో భాగం

2023 మే 29. నైజీరియా రాజధాని అబూజాలోని ఈగిల్ స్క్వేర్. కొత్త అధ్యక్షుడు బోలా అహ్మద్ టినుబు ప్రమాణ స్వీకారం చేసి మైకు ముందుకొచ్చారు. ప్రసంగం నడుమ, పెట్రోలు సబ్సిడీ ఇక లేదని ప్రకటించారు. గడువు చెప్పలేదు, దశలు చెప్పలేదు. సాయంత్రానికల్లా లేగోస్, అబూజా బంకుల ముందు బండ్లు బారులు తీరాయి. కొన్ని బంకులు గేట్లు వేసేశాయి. రేపు రెట్టింపుకు అమ్ముడుపోయే సరుకును ఇవాళ పాత ధరకు ఎవరిస్తారు? రెండో రోజున, మే 31న, ప్రభుత్వ చమురు సంస్థ ఎన్‌ఎన్‌పీసీ కొత్త ధరలు పెట్టింది. నిన్నటిదాకా లీటరు 185, 195 నైరాల మధ్య ఉండేది. ఇప్పుడు లేగోస్‌లో 488, అబూజాలో 537, ఈశాన్యాన ఉన్న మైదుగురిలో 557.

ఈ ధారావాహికను వరుసగా చదువుతున్నవారికి ఒలోయిబిరి పేరు గుర్తుండే ఉంటుంది. 1956లో నైజర్ డెల్టాలో షెల్-బీపీ కంపెనీకి గిట్టుబాటయ్యేంత చమురు తొలిసారి చిక్కిన ఊరు అది. 1958లో ఎగుమతి మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చింది 1960లో. జెండా ఎగరకముందే ఆ దేశం చమురు అమ్మడం మొదలుపెట్టిందన్నమాట. 1973 చివర అరబ్ దేశాలు సరఫరా బిగించాక ప్రపంచ ధర నాలుగింతలైంది, నైజీరియా ఖజానా పొంగింది. ఆ పొంగు ఎటు పోయిందో గత భాగంలో చూశాం. ఈ వారం చెప్పబోయేది ఆ చమురులో సామాన్యుడికి దక్కిన ఒకే ఒక్క వాటా గురించి. అది చవక పెట్రోలు. దాన్ని ఎలా ఇచ్చారు, ఎలా తీసేశారు, తీసేసిన రోజున ఎవరి పొయ్యిలో పిల్లి లేవలేదు అన్నదే ఈ భాగం.

సబ్సిడీకి చట్టబద్ధమైన రూపం 1977లో వచ్చింది. అప్పుడు పాలిస్తున్నది సైనిక ప్రభుత్వం, దాని అధిపతి ఒలుసెగున్ ఒబసాంజో. ధరల నియంత్రణ చట్టం తెచ్చి, అందులో పెట్రోలును కూడా చేర్చారు. అప్పటికి ఆ ఆలోచనలో తప్పు పట్టడానికేమీ లేదు. సొంత భూమిలో చమురు ఉంది. పోర్ట్ హార్కోర్ట్‌లో శుద్ధి కర్మాగారం ఉంది, 1978లో వారీలో, 1980లో కడునాలో మరో రెండు వచ్చాయి, 1989లో పోర్ట్ హార్కోర్ట్‌లోనే ఇంకొకటి కట్టారు. నాలుగూ కలిసి రోజుకు 4,45,000 పీపాలు శుద్ధి చేయాలి. మన చమురు, మన కర్మాగారం, మన పెట్రోలు అన్నప్పుడు మన జనానికి చవగ్గా ఇవ్వడం న్యాయమే.

కానీ కర్మాగారాలు నడవలేదు. మరమ్మతుల పేరిట ఏటా డబ్బు ఖర్చయింది, యంత్రాలు మాత్రం ఆగిపోతూ వచ్చాయి. 2020ల మొదట్లో నాలుగూ మూతబడి ఉన్నాయి. ఆఫ్రికాలో అతి పెద్ద చమురు ఉత్పత్తిదారు ముడి చమురును ఓడల్లో పంపి, పెట్రోలును ఓడల్లో తెప్పించుకునే స్థితికి దిగింది. అక్కడి నుంచి సబ్సిడీ స్వభావమే మారిపోయింది. మొదట అది సొంత సరుకు మీద వదులుకున్న లాభం. తర్వాత అది డాలర్లు పోసి కొన్న సరుకుకూ బంకులో అమ్మే ధరకూ మధ్య తేడా. ప్రపంచ ధర పెరిగినా, నైరా విలువ పడినా ఆ తేడా ఉబ్బుతుంది. పాత సబ్సిడీని సమర్థించిన వాదనలతోనే కొత్త సబ్సిడీని సమర్థించడం నైజీరియా చర్చల్లో పెద్ద గందరగోళం. దాని వల్ల అసలు దోషులు, కర్మాగారాలను ఎండబెట్టినవాళ్లు, ఎప్పుడూ చర్చలోకే రాలేదు.

ధర పెంచాలని చూసిన ప్రతి పాలకుడికీ వీధి ఎదురొచ్చింది. 1988లో ధర పెరిగితే జోస్ నగరంలో విద్యార్థులు మొదలుపెట్టిన నిరసన ఇతర నగరాలకు పాకింది. 1993 నవంబరులో ఎర్నెస్ట్ షోనెకన్ తాత్కాలిక ప్రభుత్వం 70 కోబోల లీటరును ఒకేసారి 5 నైరాలు చేసింది. నైరాకు నూరు కోబోలు, అంటే ఏడు రెట్లు. కొద్ది రోజులకే కుర్చీ లాక్కున్న జనరల్ సానీ అబాచా దాన్ని 3.25కు దించి మంచివాడనిపించుకోబోయాడు. మరుసటి ఏడు తానే 15 చేసి, మళ్లీ 11కు దిగాడు. ఈసారి పౌర అధ్యక్షుడిగా తిరిగొచ్చిన ఒబసాంజో 2000లో 20ని 30 చేస్తే సమ్మె ఆయన్ను 22కు దింపింది. 2007లో ఆయన పదవి దిగుతూ 75 చేసి వెళ్తే, తర్వాత వచ్చిన యార్ అదువా సమ్మె దెబ్బకు తగ్గించారు. ఈ బేరాలన్నిటిలోనూ ఒకవైపు ప్రభుత్వం, మరోవైపు కార్మిక సంఘాలు. సంఘాలు నిజాయితీగానే పోరాడాయి. కానీ ఆ బల్ల దగ్గర ఎన్నడూ కూర్చోనివాళ్లు ఆ దేశంలో పనిచేసేవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా ఉన్నారు. నైజీరియా గణాంక సంస్థ లెక్క ప్రకారమే ఉపాధిలో తొంభై శాతానికి పైగా అసంఘటితం. నియామక పత్రం ఉండదు, జీతం చీటీ ఉండదు, పింఛను ఉండదు.

ఆ సంగతి 2012లో స్పష్టంగా బయటపడింది.

2012 జనవరి 1, ఆదివారం. క్రిస్మస్‌కు సొంతూళ్లకు వెళ్లిన జనం ఇంకా అక్కడే ఉన్నారు. ఆ రోజు పెట్రోలు ధరల నియంత్రణ సంస్థ ప్రకటన వెలువడింది: సబ్సిడీ రద్దు. 65 నైరాల లీటరు 141 అయింది. బస్సు ఛార్జీలు ఆ ఊపులోనే ఎగిరాయి. పండక్కి పుట్టింటికో పల్లెకో వెళ్లినవాళ్లు తిరిగి పట్నం చేరడానికి అప్పు చేయాల్సొచ్చింది. అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్. ఆర్థిక మంత్రి ఎన్గోజి ఒకొంజో-ఇవేలా, ప్రపంచ బ్యాంకులో మేనేజింగ్ డైరెక్టరుగా చేసి వచ్చినావిడ, ఇప్పటి ప్రపంచ వాణిజ్య సంస్థ అధిపతి. ప్రకటనకు రెండు వారాల ముందే అంతర్జాతీయ ద్రవ్యనిధి అధిపతి క్రిస్టీన్ లగార్డ్ నైజీరియా వచ్చి వెళ్లారు. ఈ రెండింటినీ జనం కలిపి చదువుకున్నారు.

జనవరి 9 సోమవారం దేశవ్యాప్త సమ్మె మొదలైంది. లేగోస్‌లో ఒజోటా దగ్గరున్న గనీ ఫవేహిన్మీ పార్కు జనసంద్రమైంది. న్యూయార్కు ఉద్యమం పేరును అరువు తెచ్చుకుని దీన్ని ఆక్యుపై నైజీరియా అన్నారు. అప్పటికి రెండు వారాల క్రితమే, క్రిస్మస్ రోజున, అబూజా పక్కనున్న మదల్లాలో చర్చి దగ్గర ఇస్లామిక్ తీవ్రవాద ముఠా బోకో హరామ్ బాంబు పేలి ఎందరో చనిపోయారు. అంత పగలు రగులుతున్న రోజుల్లోనూ కొన్నిచోట్ల ముస్లిం నిరసనకారులు నమాజు చేస్తుంటే క్రైస్తవులు చేతులు పట్టుకుని చుట్టూ కాపలా నిలబడ్డారు. నైజీరియా చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ దృశ్యాన్ని వదిలిపెట్టకూడదు.

జనవరి 14, 15 తేదీల్లో, శని ఆదివారాలు, సంఘాలు సమ్మెకు విరామం ఇచ్చాయి. కారణం, జనం సరుకులు కొనుక్కోవాలి. నెల జీతగాడు వారం రోజులు ఇంట్లో కూర్చున్నా నెలాఖరుకు జీతం పడుతుంది. బస్తా ఉల్లిపాయలు అప్పు తెచ్చి అమ్ముకునే మనిషికి వారం రోజులు బజారు మూతపడితే ఉల్లి కుళ్లిపోతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. ఆ ఉద్యమంలో వీధిన పడ్డవాళ్లలో ఎక్కువ మంది ఇలాంటివాళ్లే, ఎక్కువ నష్టపోయిందీ వీళ్లే. జనవరి 16న ధర 97కు దిగింది. అదే రోజు లేగోస్ వీధుల్లోకి సైన్యం దిగింది. సమ్మె ముగిసింది. 65కు, 141కి మధ్య ఎక్కడో ఒకచోట రాజీ కుదిరింది. ఆ రాజీ ఎవరి పేరున జరిగిందో వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆనాడు ప్రతిపక్షంలో ఉన్న లేగోస్ మాజీ గవర్నరు ఒకరు, జొనాథన్ ప్రజలతో ఉన్న సామాజిక ఒప్పందాన్ని తెంచేశారని తీవ్రమైన వ్యాసం రాశారు. ఆ గవర్నరు బోలా అహ్మద్ టినుబు.

ఆ ఏడాదే పార్లమెంటు దిగువ సభ ఒక విచారణ సంఘం వేసింది. దాని నివేదిక చదివితే కడుపు మండుతుంది. సబ్సిడీ పథకంలో దిగుమతిదారులు 2006లో ఆరుగురు. 2011కు 140 మంది. సరుకు దింపకుండానే దింపినట్టు కాగితాలు పుట్టించి తేడా సొమ్ము తీసుకున్నవాళ్లున్నారని, మొత్తం మీద 680 కోట్ల డాలర్ల దాకా దారి తప్పిందని సంఘం తేల్చింది. ఆ సంఘానికి నాయకత్వం వహించిన ఫరూక్ లవాన్‌కే, విచారణలో ఉన్న ఒక వ్యాపారి దగ్గర లంచం తీసుకున్న కేసులో 2021లో జైలు శిక్ష పడింది. సబ్సిడీ అంటే పేదవాడి పేరు రాసిన చెక్కు, దాన్ని మార్చుకున్నది మాత్రం వేరేవాళ్లు. రద్దు చేయాలన్న ఆర్థికవేత్తల కోపంలో న్యాయం ఉంది. 2022 ఒక్క ఏడాదిలోనే సబ్సిడీకి 4 లక్షల కోట్ల నైరాలకు పైగా పోయాయి. ఎన్‌ఎన్‌పీసీయే ఏకైక దిగుమతిదారుగా మారి, ఆ సొమ్మును ఖజానాకు చేరకముందే మినహాయించుకునేది. రెండు కార్లున్న ఇంటికి అందే సబ్సిడీ, బస్సెక్కే ఇంటికి అందేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇవన్నీ నిజాలే.

అయితే ఇంకో నిజం ఉంది, అది లెక్కల పుస్తకంలో కనపడదు. నైజీరియాలో పెట్రోలు బండికి మాత్రమే కాదు, ప్రతి చిన్న వృత్తికీ ముడిసరుకు. ఇరవై కోట్ల పైచిలుకు జనాభాకు విద్యుత్ గ్రిడ్ అందించేది నాలుగు వేల మెగావాట్లు, అటూ ఇటూ. అది కూడా తరచూ కుప్పకూలుతుంది. కాబట్టి సెలూన్‌లో కత్తిరించే యంత్రం, దర్జీ ఇస్త్రీపెట్టె, ఫోన్లు చార్జింగు పెట్టే బడ్డీ, చల్లని నీళ్లమ్మే ఫ్రీజరు, జిరాక్సు కొట్టు, అన్నీ చిన్న పెట్రోలు జనరేటరు మీద బతుకుతాయి. చేత్తో మోసుకెళ్లగలిగిన అతి చిన్న జనరేటరుకు జనం పెట్టుకున్న పేరు "పక్కింటివాడికన్నా నేనే నయం". బజారులో మిరపకాయలూ టమాటాలూ రుబ్బే మర పెట్రోలు ఇంజనుతో నడుస్తుంది. కర్రపెండలం తురిమి గర్రీ చేసే ఆడవాళ్ల తురుము యంత్రాలూ అంతే. ఉత్తరాన కానో, జిగావా వైపు ఎండాకాలం కూరగాయలు పండించే రైతు వాగు పక్కన పెట్టుకునేది పెట్రోలు పంపే. డెల్టా వాగుల్లో చేపల పడవల వెనక బిగించే ఇంజన్లకూ పెట్రోలే. ప్రభుత్వం కరెంటు ఇవ్వలేదు, రోడ్డు ఇవ్వలేదు, నీళ్లివ్వలేదు. వీటన్నిటికీ బదులుగా ఇచ్చింది చవక పెట్రోలు. ప్రతి మనిషీ తన కరెంటు తానే తయారుచేసుకున్నాడు. అందుకే సబ్సిడీ రద్దు అక్కడ ఒక్క ఇంధన ధర పెరుగుదలగా ఆగలేదు. కరెంటు బిల్లు, నీటి పన్ను, దుకాణం అద్దె అన్నీ ఒకే రాత్రి రెండున్నర రెట్లయితే ఎలా ఉంటుందో అలా తగిలింది.

ఇక్కడ మనకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. లేగోస్, కానో, పోర్ట్ హార్కోర్ట్ వీధుల్లో తిరిగే మూడు చక్రాల బండి మన ఆటోనే. బజాజ్, టీవీఎస్ కంపెనీలు ఇక్కడ తయారుచేసి పంపినవి. అక్కడ దాన్ని కెకె అంటారు. 1990ల చివర్లో లేగోస్ సైనిక పాలకుడు బుబా మార్వా వాటిని వీధుల్లోకి తేవడంతో కెకె మార్వా అన్నారు. 2001 తర్వాత పేదరిక నిర్మూలన పథకం కింద నిరుద్యోగులకు పంచడంతో ఆ పథకం పేరుమీద కెకె నపెప్ అయింది. బైకు టాక్సీని ఒకాడా అంటారు, వాటిలోనూ బజాజ్ బాక్సర్లు విరివిగా కనిపిస్తాయి. విజయవాడ ఆటోస్టాండులో మాట్లాడుకునే మాటలే అక్కడా వినపడతాయి: బండి యజమానికి రోజు కిరాయి, లేకపోతే ఫైనాన్సు కిస్తీ, స్టాండులో యూనియన్ మనుషులకు టికెట్టు డబ్బు, ఆపైన పెట్రోలు, చివర్లో మిగిలిందే ఇంటికి.

ఆ మిగిలిందే ఇంటికి అన్న మాట దగ్గర ఆగుదాం. రోజుకు ఎనిమిది లీటర్లు కొట్టించే కెకె ఒకటి ఉందనుకుందాం. పాత ధరలో పెట్రోలు ఖర్చు సుమారు 1,500 నైరాలు. 2023 మే 31 తర్వాత లేగోస్ ధరలో 3,900. యజమాని కిరాయి తగ్గించడు, కిస్తీ తగ్గదు, టికెట్టు తగ్గదు. పెరిగిన 2,400 ఎక్కడి నుంచి రావాలి? ఛార్జీ పెంచాలి. ఛార్జీ పెంచితే ఎక్కేవాడు ఎవరు? తనలాంటి కూలీ, తనలాంటి దుకాణదారు, బజారుకు పోయే ఆడమనిషి. వాళ్ల రాబడి పెరగలేదు. కొందరు నడిచిపోతారు, కొందరు రోజు మార్చి రోజు వస్తారు. డ్రైవరు ఖాళీ సీట్లతో తిరగలేక స్టాండులోనే ఎక్కువ సేపు ఆగుతాడు. ట్రిప్పులు తగ్గుతాయి. ఛార్జీ రెట్టింపు చేసినా రాబడి రెట్టింపు కాదు, పెట్రోలు ఖర్చు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. సబ్సిడీ రద్దు వల్ల రవాణా ఛార్జీలు పెరుగుతాయని చెప్పే ఆర్థిక నివేదికల్లో ఆ పెరిగిన ఛార్జీ డ్రైవరుకు లాభమైనట్టు ధ్వని ఉంటుంది. కెకె నడిపేవాడు రెండు వైపులా నష్టపోయాడు. బండి నడిపేవాడిగా పెట్రోలు భారం మోశాడు, సాయంత్రం బియ్యం కొనేవాడిగా అందరి పెట్రోలు భారమూ మోశాడు.

దుకాణాల్లో బేరం ఇంకో రకంగా సాగింది. జనరేటరు వేసే గంటలు తగ్గించారు. గిరాకీ వస్తేనే వేసే సెలూన్లు, ఒకే జనరేటరుకు ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బులేసుకునే కొట్లు. గంటలు తగ్గితే పని తగ్గుతుంది, పని తగ్గితే మొదట పోయేది దగ్గర పెట్టుకున్న శిష్యుడి పని. పెద్ద కంపెనీ సోలారుకు మారగలదు. మర ఆడించే మనిషికి ఆ పెట్టుబడి ఎక్కడిది? ఆమెకు దొరికే అప్పు అజో ఒక్కటే. పదిమంది రోజూ ఇంత అని వేసుకుని వంతులవారీగా ఎత్తుకునే చీటీ అది. మన చీటీ పాటలకు దగ్గరి చుట్టం. చీటీ నిలబడాలంటే రోజూ వేయాలి. రోజూ మిగలనప్పుడు చీటీలూ ఆగిపోతాయి.

న్యాయంగా ఒకమాట చెప్పాలి. 2023 తర్వాత నైజీరియాలో జరిగిన కష్టమంతా సబ్సిడీ రద్దు ఖాతాలో వేయడం తప్పు. డీజిల్‌కు అప్పటికే సబ్సిడీ లేదు. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లోనే లారీ కిరాయిలు పెరిగి, ఉత్తరాది నుంచి లేగోస్ మైల్ 12 మార్కెట్‌కు వచ్చే టమాటాల ధర ముందే చుక్కలనంటింది. పైగా సబ్సిడీ రద్దయిన రెండు వారాలకే, జూన్ 14న, నైరా మారకపు విలువను మార్కెట్‌కు వదిలేశారు. డాలరుకు 460 దగ్గరున్న నైరా కొద్ది రోజుల్లో 700 దాటింది, 2024లో 1,500 దాటింది. దిగుమతి పెట్రోలు కాబట్టి ఈ రెండో దెబ్బ మొదటిదాన్ని మళ్లీ పెద్దది చేసింది. 2023 జూలైలో అబూజాలో లీటరు 617. 2024 సెప్టెంబరులో లేగోస్‌లో 855, అక్టోబరులో 998, అబూజాలో 1,030. మన బజాజ్ కంపెనీకి కూడా ఆ దెబ్బ తగిలింది. దాని పెద్ద విదేశీ మార్కెట్లలో ఒకటైన నైజీరియాకు ఎగుమతులు పడిపోయాయి. కొత్త కెకె ధర పాత డ్రైవరుకు అందనంత దూరం పోయింది.

మరి ఆదుకునే ఏర్పాట్లు? 2023 జూన్‌లో క్వారా రాష్ట్రం తన ప్రభుత్వోద్యోగులు వారానికి ఐదు రోజులకు బదులు మూడు రోజులు ఆఫీసుకొస్తే చాలని ఉత్తర్వు ఇచ్చింది. ఎడో రాష్ట్రమూ అదే చేసింది. జీతం తగ్గించకుండా ప్రయాణ ఖర్చు తగ్గించే మంచి ఆలోచన. ఆ ఆఫీసు గేటు ముందు అన్నం అమ్ముకునే మనిషికి మాత్రం వారంలో రెండు రోజుల బేరం పోయింది. ఉత్తర్వు రాసినవాళ్లకు ఆమె గుర్తొచ్చి ఉండదు.

కార్మిక సంఘాలు మళ్లీ పోరాడాయి. జూన్ 7న తలపెట్టిన సమ్మెకు కోర్టు ముందుగానే అడ్డు తగిలింది. ఆగస్టులో ఊరేగింపులు, ఆపైన సమ్మెలు, మరుసటి ఏడాది సుదీర్ఘమైన చర్చలు. చివరికి 2024 జూలైలో కనీస వేతనం 30,000 నైరాల నుంచి 70,000కు పెరిగింది. సంతకం పడ్డాక దాన్ని విజయమన్నారు. అయితే ఆ దేశపు కనీస వేతన చట్టంలో ఇరవై ఐదు మందికన్నా తక్కువ మందిని పెట్టుకున్న సంస్థలకు మినహాయింపు ఉంది. ఒకాడా నడిపేవాడికి సంస్థే లేదు. వెల్డింగు షాపులో పనిచేసే కుర్రాడి యజమాని దగ్గర ఉండేది ముగ్గురో నలుగురో. ధర పెంపు అందరికీ, వేతన పెంపు కొందరికి. 1988 నుంచీ సాగిన బేరాల సారం ఇదే.

ఇక నగదు సాయం. 2023 జూలైలో 1 కోటి 20 లక్షల కుటుంబాలకు నెలకు 8,000 నైరాలు, ఆరు నెలలు అన్నారు. ఇది ఏ మూలకని జనం మండిపడితే వెనక్కి తీసుకున్నారు. అక్టోబరు 1న, స్వాతంత్ర్య దినం నాడు, 1 కోటి 50 లక్షల కుటుంబాలకు 25,000 చొప్పున మూడు నెలలు అన్నారు. ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే జాబితా కావాలి. ఉన్న జాతీయ జాబితా మీద నమ్మకం లేదని రాష్ట్రాల గవర్నర్లే సమావేశంలో తేల్చేశారు. పంపిణీ కొంత జరిగింది, అంతలో 2024 జనవరిలో ఆ సాయం పంచే శాఖలో నిధుల మళ్లింపు ఆరోపణలు వచ్చి మంత్రి సస్పెండయ్యారు, పథకాలు ఆగిపోయాయి. రాష్ట్రాలకు సబ్సిడీ మిగులు వల్ల కేంద్రం నుంచి వచ్చే వాటా బాగా పెరిగింది. ఆ పెరిగిన సొమ్ము కెకె స్టాండుకు ఏ రూపంలో చేరిందో చూపించగల రాష్ట్రం నాకు కనపడలేదు. పెట్రోలుకు బదులు గ్యాసుతో బండ్లు నడిపించే ప్రభుత్వ పథకం మాత్రం ఆలోచనగా మంచిది. అయితే గ్యాసు నింపే బంకులు కొన్ని నగరాలకే పరిమితమయ్యాయి, బండిని గ్యాసుకు మార్చే కిట్టు ఖర్చు సంగతి సరేసరి.

సరిహద్దు అవతల కూడా ఒక కథ నడిచింది. పడమటి పొరుగు దేశం బెనిన్‌లో దశాబ్దాలుగా రోడ్డు పక్క గాజు సీసాల్లో, జాడీల్లో పెట్రోలు అమ్ముతారు. నైజీరియా నుంచి దొంగదారిన వచ్చిన చవక సరుకు అది. అక్కడ దాని పేరు క్పాయో. కొటోను, పోర్టో-నోవో పట్టణాల్లో బైకు టాక్సీలు నడిచేవి దాని మీదే. వేల కుటుంబాల జీవనం ఆ సీసాలు. టినుబు ప్రసంగం తర్వాత రోజుల్లోనే క్పాయో ధర దాదాపు రెట్టింపైంది. నైజీరియాలో రోజువారీ పెట్రోలు వాడకం 6 కోట్ల 70 లక్షల లీటర్ల నుంచి 4 కోట్ల 80 లక్షలకు పడిపోయిందని అధికారులు ప్రకటించి, దొంగ రవాణా తగ్గిందని సంతోషించారు. అందులో కొంత నిజంగా దొంగ రవాణాయే. మిగతాది ఆగిన జనరేటర్లు, ఆగిన బండ్లు. 2023 సెప్టెంబరులో బెనిన్ సరిహద్దు పట్టణం సెమె-క్రాకెలో దొంగ పెట్రోలు నిల్వ చేసిన చోట మంటలు లేచి ముప్పై మందికి పైగా చనిపోయారు. చట్టం దాన్ని నేరమంటుంది. అక్కడ బస్తాలు మోసినవాళ్లకూ, సీసాలు నింపినవాళ్లకూ అది రోజు కూలి.

మన దేశమూ ఈ దారిలో నడిచింది కాబట్టి పోల్చి చూడొచ్చు. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లో తీసేశారు. డీజిల్‌ను 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ పోయి, ప్రపంచ ధరలు పడిపోతున్న 2014 అక్టోబరులో వదిలేశారు. రేషను కిరోసిన్‌కు 2016 నుంచి నెలకు పావలా చొప్పున పెంపు. మన దగ్గరా రోడ్డు పక్క టిఫిన్ బండికి, కిరోసిన్ స్టవ్వు మీద బతికిన అసంఘటిత కుటుంబానికి నష్టం జరిగింది, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ దెబ్బ నెలల మీద, ఏళ్ల మీద పరిచారు. సర్దుకోవడానికి, ఛార్జీ ఒక రూపాయి పెంచుకోవడానికి, ఇంకో పని చూసుకోవడానికి మనిషికి కొంత వ్యవధి దొరికింది. నైజీరియాలో ఆ వ్యవధి రెండు రోజులు.

2024 ఆగస్టు 1న యువకులు మళ్లీ వీధుల్లోకి వచ్చారు. ఈసారి సంఘాల పిలుపు లేదు, ఒకే నాయకుడు లేడు. కానో, కడునా, జిగావా లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ మంది, ఎక్కువగా పనిలేనివాళ్లు, చిన్నాచితకా పనివాళ్లు. కనీసం 24 మంది చనిపోయారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క చెప్పింది. నవంబరులో, ఆ నిరసనల మీద పెట్టిన దేశద్రోహం కేసులో అబూజా కోర్టుకు తెచ్చినవారిలో పిల్లలున్నారు. తిండిలేక నీరసించి కొందరు కోర్టు హాల్లోనే పడిపోయారు. దేశమంతా ఛీకొట్టాక వదిలేశారు. డిసెంబరులో ఉచితంగా బియ్యం, తిండి పంచుతున్న చోట అబూజాలోను, అనంబ్రా రాష్ట్రం ఒకిజాలోను తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు. ప్రపంచ బ్యాంకు సబ్సిడీ రద్దును మొదటి నుంచీ సమర్థించింది. ఆ బ్యాంకే 2024 అక్టోబరు నివేదికలో నైజీరియన్లలో సగానికి పైగా, సుమారు 12 కోట్ల 90 లక్షల మంది, పేదరికంలో ఉన్నారని అంచనా వేసింది.

సబ్సిడీ నిలబడేది కాదు. దాన్ని ఎప్పుడో తీసేయాల్సింది, అదీ కర్మాగారాలు నడిపించి, కరెంటు ఇచ్చి, దోచినవాళ్ల దగ్గర వసూలు చేసి. టినుబు ప్రభుత్వం క్రమాన్ని తలకిందులు చేసింది. ముందు ధర పెంచింది, తర్వాత జాబితా వెతికింది, ఆ తర్వాత పంచడం మొదలుపెట్టి మధ్యలో ఆపింది. లేగోస్ శివార్లలో రోజుకు 6,50,000 పీపాల డాంగొటే కర్మాగారం 2024 సెప్టెంబరులో పెట్రోలు తీయడం మొదలుపెట్టింది. సొంత గడ్డ మీద తయారైన పెట్రోలు చేతికొచ్చేసరికి కెకె డ్రైవరు పదిహేను నెలలుగా కొత్త ధర కట్టి ఉన్నాడు.

ఇంకో క్రమం సాధ్యమేనా అని అడిగేవారికి ఒక వాస్తవం చెప్పి ఈ భాగం ముగిస్తాను. 2010 డిసెంబరులో ఇరాన్ ఇంధన ధరలను ఒక్కసారిగా పెంచింది, నైజీరియాకన్నా ఎక్కువే పెంచింది. కానీ ధర పెంచకముందే కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో తలకు ఇంత అన్న లెక్కన నెలసాయం జమచేసి ఉంచింది. ఆ కథ, ద్రవ్యోల్బణం ఆ డబ్బును తర్వాత ఏం చేసిందన్న కథ, వచ్చే వారం.